గొడుగు వదిలి వచ్చిన ఇళ్ళు

మొన్న మంగళవారం పొద్దున్న లేచేసరికి నా ఫోను నిండా దణ్ణాలే. జోడించిన చేతులు, దీపాలు, తెల్లపువ్వులు. రాయగడలో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలి భర్త పోయాడని ముందురోజు సాయంత్రం తెలిసింది. ఒకప్పుడు ఆ ఊళ్ళో రైల్వే క్వార్టర్లలో కలిసి పెరిగిన మేమంతా ఫోనులో ఒక గుంపు కట్టుకుని ఉన్నాం. ఒకరు పెట్టిన దీపాన్నే ఇంకొకరు తీసి మళ్ళీ పెడుతున్నారు. నేను కొరాపుట్‌లో మా అమ్మాయి దగ్గరుంటాను. అది వంటింట్లోంచి తొంగిచూసి, "నువ్వూ ఒకటి పెట్టెయ్యమ్మా, లేకపోతే బాగోదు" అంది. మంచి దీపం ఒకటి వెతికి చూపించింది కూడా.

"దాని ఇంట్లో దీపాలకేం తక్కువ? నేనే వెళ్తాను" అన్నాను.

"అయితే ఇవాళే వెళ్ళు. మధ్యాహ్నం బండి ఉంది కదా."

"ఇవాళ మంగళవారం. పలకరింపుకి వెళ్ళకూడదు. రేపు వెళ్తాను."

అది నవ్వింది. చదువుకున్నదానివి, నీకేమిటీ పట్టింపులు అంది. నాకేం పట్టింపు లేదు. మా మామ్మకి ఉండేది. ఆవిడ పోయి ఎన్నో ఏళ్ళయినా ఆ ఒక్క విషయంలో ఇంకా నా చెయ్యి పట్టుకునే నడిపిస్తోంది.

బుధవారం పొద్దున్నే గొడుగు తీసుకుని బండెక్కాను. వానాకాలం. సొరంగంలోకి బండి దూరినప్పుడల్లా పెట్టెలో పిల్లలు ఊళలు పెడుతున్నారు. పక్కన కూర్చున్నావిడ కాళ్ళ దగ్గర తడిసిన గోనెసంచీ ఉంది, దాన్నిండా అల్లం. తడిగోనె వాసన, పచ్చి అల్లం వాసన కలిసి ముక్కుకి తగిలేసరికి నాకు మా పాత వంటిల్లు వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది.

మా నాన్న సిగ్నల్ మెకానిక్. ఆరిళ్ళ వరసలో మాది చివరిది. వానాకాలం మూడు నెలలూ బట్టలు ఆరేవి కావు. అమ్మ కుంపటి మీద వెదురుబుట్ట బోర్లించి, దాని మీద మా స్కూలు గౌన్లు పరిచేది. బడిలో ఆంధ్రా వాళ్ళ పిల్లలం ఎవరమో వాసన చూసి చెప్పేయొచ్చు, అందరం బొగ్గుల కంపే. ఆ కుంపటి బూడిదలోనే నేను పనసపిక్కలు కప్పెట్టేదాన్ని. గాటు పెట్టకుండా వేస్తే టప్పున పేలుతాయి. ఒకసారి అలా పేలి నాన్న యూనిఫారం చొక్కాకి బొత్తాం అంత చిల్లు పడింది. ఎలుక కొట్టిందని చెప్పాను. "నిప్పులు మింగిన ఎలకేటే అది?" అంది మామ్మ, అంచుల నల్లదనం చూసి. అమ్మకి మాత్రం చెప్పలేదు.

మామ్మంటే నాన్నకి తల్లి. తాత పోయాక శ్రీకాకుళం పక్క పల్లెనుంచి ఒక రేకుపెట్టె, ఒక చుట్టలకట్ట, తాతగారి కర్రపిడి గొడుగు పట్టుకుని మా ఇంటికొచ్చేసింది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చేది. పొద్దున్నే రాగుల చోడంబలి ఉల్లిపాయ నంచుకుని తాగి, గుమ్మంలో కూర్చునేది. తన పల్లెలో అయితే ఆవిడ పదిమంది ముసలాళ్ళలో ఒకతె. మా క్వార్టర్లలో ఉన్నవాళ్ళంతా పాతికా ముప్ఫై ఏళ్ళవాళ్ళు. పెళ్ళికో పురిటికో ఎవరో ఒకరు ఊరినుంచి పెద్దలు రాసిన ఉత్తరం చూసి ఏదో చేసేవాళ్ళు కానీ, చావు కబురు వస్తే మాత్రం ఎవరికీ ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. అప్పుడు మామ్మ కోసం వచ్చేవాళ్ళు. ఆవిడ చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, గొడుగు తీసి బయల్దేరేది. నాన్న కంటే మామ్మకే డ్యూటీలు ఎక్కువని అమ్మ ఎగతాళి చేసేది.

ఆవిడ విద్యకి చాలా చట్టాలున్నాయి. మంగళ శుక్రవారాలు వెళ్ళకూడదు. వాళ్ళు రండి అనరు, మనం పిలవలేదనుకోకూడదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండా గడప దాటకూడదు. ఇవి పైవి. అసలు సంగతి మాటల్లో ఉండేది.

"అమ్మీ, సిన్నపిల్ల ఏడిస్తే బుజ్జగిస్తారు. మొగుడూ పెళ్ళాం కొట్టుకుంటే సముదాయిస్తారు. పంట పోయినోడిని ఊరడిస్తారు. మనిసి పోయిన ఇంటికెళ్ళి పలకరిస్తారు. ఒకసోట ఆడీ మాట ఇంకోసోట ఆడితే పులుసులో పంచదార ఏసినట్టుంటాది."

"మరి ఓదార్చడమో?"

"అది మన సేతిలో లేదే. మనం పలకరిస్తాం, అంతవరకే. పలకరించగా పలకరించగా ఎప్పుడో ఓ పొద్దు ఆ మనిసికే ఊరట కలుగుతాది."

ఊరుకో ఊరుకో అనేవాళ్ళంటే ఆవిడకి మంట. "ఊరుకో అని నోరు నొక్కీకూడదు. ఎలాగయిందమ్మా అని అడగాల. సెప్పుకుంటాది. పదిమందికి పదిసార్లు సెప్పుకుంటే ఆ మాటకి పదును తగ్గుతాది." ఎవరెంతవరకో అంతే, గుండె దిటవు చేసుకో, పిల్లల మొహం చూసుకో — ఇలాంటివి చివర్లో, లేవబోయే ముందు వాడేది. ఏ మాట ఎప్పుడు తియ్యాలో ఆవిడకి బాగా తెలుసు.

ఈ విద్య అంతా నాకు కంఠతా వచ్చేసింది. దాన్ని నా స్నేహితురాలి మీదే ప్రయోగించాను. వాళ్ళ నాన్న పట్టాలు చూసే గ్యాంగుకి మేస్త్రీ. మా పక్కిల్లే. వాళ్ళు పెంచుకునే కోడిపిల్లల్లో ఒకటి వానకి తడిసి చచ్చిపోయింది. దాన్ని అరటాకులో చుట్టి జామచెట్టు కింద పాతిపెట్టాం. నా స్నేహితురాలు గట్టుమీద కూర్చుని ఏడుస్తోంది. నేను అమ్మ చీర చుట్టుకుని, పనసపిక్క ఒకటి చుట్టలా నోట్లో పెట్టుకుని, తాత గొడుగు పట్టుకుని వెళ్ళాను. "ఎలాగయిందమ్మా?" అన్నాను. అది నిజంగానే చెప్పుకుంది, రాత్రి బుట్ట మూయడం మర్చిపోయానని. "ఎవరెంతవరకో అంతే. మిగిలిన పిల్లల మొహం సూసుకో" అన్నాను. అది ఏడుపు ఆపి మిగిలిన కోడిపిల్లల వైపు చూసింది, ఫక్కున నవ్వింది. వెనకనుంచి మామ్మ వచ్చి నా వీపు మీద ఒకటేసింది. అలాంటి మాటలు ఆటలకి తియ్యకూడదంది.

ఆ వానాకాలమే వాళ్ళ నాన్న పోయాడు.

కొండల వైపు పనికి వెళ్ళి, మన్యం జ్వరంతో వచ్చాడు. నాలుగు రోజులు కూడా పట్టలేదు. నన్ను ఆ ఇంటికి పంపలేదు. దినకార్యం దాకా వాళ్ళింట్లో ఊరినుంచి వచ్చిన చుట్టాలు ఉన్నారు. మామ్మ మాత్రం మంగళ శుక్రవారాలు మినహా రోజూ వెళ్ళొచ్చేది. దినకార్యం అయిన మర్నాడు చుట్టాలంతా పాసింజరు బండికి వెళ్ళిపోయారు. ఆ రోజు మామ్మ నన్ను తీసుకెళ్ళింది.

"ఏటీ మాటాడకు. కూకో. లెగమన్నప్పుడు లెగు" అని ముందే చెప్పింది.

మేస్త్రీ గారి భార్యని నేను అత్తా అనేదాన్ని. నవ్వితే ఆరిళ్ళకీ వినబడే మనిషి. గోడకి చేరబడి కూర్చుని ఉంది. పక్కన నా స్నేహితురాలు తల్లి కొంగు వేలికి చుట్టుకుంటోంది. నా వైపు చూసింది, చూపు తిప్పేసుకుంది. కోడిపిల్ల చచ్చిన నాడు అన్న మాటలన్నీ నా నోటిదాకా వచ్చాయి. ఒక్కటీ పనికొచ్చేది కాదని తెలిసి మింగేశాను. మామ్మ అడిగింది, అత్త చెప్పింది. మామ్మ విన్న కథే అయినా కొత్తగా విన్నట్టు విన్నది. కాసేపటికి నా భుజం తట్టి లేచింది.

గుమ్మం దాటుతూ నేను అన్నాను, "వెళ్ళొస్తానత్తా."

రోజూ అనే మాటే. మా ఇంట్లో వెళ్తాను అంటే అమ్మ ఊరుకునేది కాదు. వెళ్తానేమిటే అపశకునం, వెళ్ళొస్తానను అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. ఆ అలవాటు నోరు నాది. అత్త చటుక్కున తలెత్తి చూసింది. మామ్మ నా రెక్క పట్టుకుని బయటికి లాగేసింది. మా పెరట్లో కుళాయి దగ్గర కాళ్ళు కడుగుతూ, "ఆ ఇంట్లో వస్తానని అంటారేటే? దినం కూడా అయిపోనాది, మళ్ళీ ఏ పనిమీద వస్తావు? ఇంకొకలు పోతేనే కదా వచ్చీది" అంది. కోపంగా కూడా కాదు, చట్టం చెప్పినట్టు చెప్పింది.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు నా స్నేహితురాలికి జ్వరమొచ్చింది. అదే వణుకు. వాళ్ళ అమ్మ దాన్ని దుప్పటిలో చుట్టి, మా నాన్న సాయంతో బండెక్కించి బిస్సం కటక్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. నేను ప్లాట్‌ఫారం చివర నిలబడి చూశాను. దుప్పట్లోంచి దాని జడ రిబ్బను ఒక్కటే కనబడింది.

అది నా వల్లేనని నాకు ఏమాత్రం అనుమానం లేదు. మళ్ళీ రావడానికి నేనే పని కల్పించాను. పెరట్లో కుళాయి కిందకి వెళ్ళి ఏడుసార్లు పుక్కిలించాను. వేపాకు నమిలాను. అన్న మాట పోతుందేమోనని అలాగే నీళ్ళు ఉమ్మి చూశాను, మామూలు నీళ్ళలాగే ఉన్నాయి. ఆ తర్వాత వస్తాననే మాట నోట తియ్యడం మానేశాను. బడికి వెళ్తూ వెళ్తానంటే అపశకునం, వస్తానంటే ఇంకెవరైనా పోతారు. అందుకని ఏమీ అనకుండా దొంగలా గోడవార వెళ్ళిపోయేదాన్ని. అమ్మ వీధిదాకా వచ్చి, "నోరు పడిపోయిందా, చెప్పి వెళ్ళవేం?" అని కేకలేసేది.

కొల్నార వైపునుంచి ఒకావిడ మాకు కూరలు తెచ్చేది. బుట్ట నెత్తిన పెట్టుకుంటూ ఎప్పటిలాగే అమ్మతో, "ఆసుచి మా" అంది. ఒడియా వాళ్ళు కూడా వెళ్తున్నానని అనరు, వస్తున్నానమ్మా అనే అంటారు. నేను లోపల్నించి పరిగెత్తుకొచ్చి, "రావద్దు, నువ్వు రావద్దు" అని అరిచాను. పాపం, ఆవిడ బుట్ట దించి అమ్మ మొహం చూసింది. అమ్మ నా చెంప మీద ఒకటిచ్చి, నుదుటి మీద చెయ్యివేసి చూసింది, దీనికీ జ్వరమొచ్చిందేమోనని.

ఆ సాయంత్రం మామ్మ నన్ను గుమ్మంలోకి పిలిచి చుట్ట ఆర్పేసింది. అంటే మాట పెద్దదన్నమాట.

"ఏటయిందే అమ్మీ? సెప్పు."

ఎలాగయిందమ్మా అని లోకాన్నంతా అడిగిన మనిషి, నన్నూ అడిగింది. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్నీ చెప్పేశాను. అది చచ్చిపోతే నేనే చంపినట్టని చెప్పాను. ఊరుకో అనలేదు మామ్మ. ఏడవనిచ్చింది. ఆ తర్వాత ఏదో ఒక మాట తీస్తుందని ఎదురుచూశాను. ఆవిడ దగ్గర ఉన్నన్ని మాటలు ఎవరి దగ్గరుంటాయి? కానీ ఆవిడ ఒక్కటీ తియ్యలేదు. ఆరిన చుట్టని వేళ్ళతో తిప్పుతూ కూర్చుంది. ఆ చట్టం చెప్పింది తనే కదా. అబద్ధమనలేదు, నిజమనలేదు. చివరికి, "రేపు ఏ వారం?" అంది.

"సోమవారం."

"నడు. ఎల్లి సూద్దాం."

బిస్సం కటక్ స్టేషన్లో దిగేసరికి కుండపోత. ఒక్క గొడుగు కింద ఇద్దరం, మామ్మ నన్ను నడుముకి అతికించుకుని నడిచింది. దారంతా నేను మొక్కిన దేవుళ్ళు ఇంతమంది అంతమంది కాదు. ఆసుపత్రి వరండా పొడుగునా మంచాలున్నాయి. దానిది చివరిదని ఎవరో చెప్పారు. మాకు కనబడిన చివరి మంచం ఖాళీగా ఉంది. మామ్మ చెయ్యి నా భుజం మీద బిగిసింది. ఆవిడకీ భయమేసిందని అప్పుడు తెలిసింది.

ఖాళీ మంచం అవతల, గోడవారగా ఇంకో మంచం ఉంది. దాని మీద నా స్నేహితురాలు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కాగితం పొట్లంలోంచి మూరీలు, అంటే మరమరాలు, ఏరుకు తింటోంది. మొహం పీక్కుపోయింది, జుట్టు రేగిపోయింది. నన్ను చూసి పొట్లం వెనక్కి దాచుకుంది, నేను అడుగుతానని. ఎన్ని ఏళ్ళొచ్చినా ఆ దాచుకోవడం నేను మర్చిపోలేను. నాకు ఒంట్లోంచి కొండ దిగినట్టయింది. అక్కడే నేల మీద కూలబడిపోయాను.

అత్త నన్ను లేపి దగ్గరకి తీసుకుంది. "వచ్చేవా అమ్మీ? నీ కోసమే సూస్తన్నాను" అంది.

మామ్మ, నేను మొహమొహాలు చూసుకున్నాం.

"నిన్న జొరం దిగిపోనాది, పరవాలేదన్నారు" అని మామ్మతో అంటూ, అత్త నా తల నిమురుతోంది. "ఆయన పోయినకాణ్ణించి ఎంతమంది వచ్చేరు పిన్నీ. కూకున్నారు, అడిగేరు, అందరూ మంచోలే. కానీ ఒక్కలూ సెప్పి లెగరు. నాను కళ్ళు తుడుసుకునీసరికి ఎదర ఎవరూ ఉండరు. ఆయనా అలాగే ఎలిపోయేడు కదా. ఈ పిల్లొక్కతే నా మొహం సూసి వస్తానన్నాది. మళ్ళీ నా ఇంటికి ఒకలు వస్తారు కదా అనిపించింది. ఇక్కడ ఈ పిల్ల పక్కన కూకుని ఆ మాటే అనుకుంటన్నాను."

మాటల పుట్ట మా మామ్మ, ఆ వేళ నోరు తెరవకుండా అత్త చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయింది. బండి వేళయింది. లేచాం. మామ్మ వరండా మెట్లదాకా వచ్చి ఆగింది. పెదాలు కదిలాయి. కానీ ఒక జీవితకాలం అనని మాట కదా, రాలేదు. ఆవిడ వెనక్కి వెళ్ళి, తాతగారి గొడుగుని మంచం తలవైపు గోడకి ఆనించి, నా చెయ్యి పట్టుకుని వానలోకి దిగిపోయింది.

"మామ్మా, గొడుగు."

"తెలుసు. నడు."

"తడిసిపోతాం."

"తడిస్తే ఆరతాం. గొడుగు అక్కడున్నాది కదేటి, మళ్ళీ రావాల."

తిరుగుబండిలో కిటికీ పక్కన కూర్చుని కొంగు పిండుకుంటూ తనలో తను అన్నట్టు అంది. "మీ తాత పోయినప్పుడు మన వాకిట్లోనూ అలాగే ఉండీది. సూసీసరికి ఎవరూ లేరు. నాకూ బాధగానే ఉండీది. ఆచారం కదా, అలాగే ఉంటాదనుకున్నాను." ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడటం అదే మొదలు. బుజ్జగించడానికి ఆవిడ చిన్నపిల్ల కాదు. ఆవిడ ఒళ్ళో తలపెట్టుకుని పడుకున్నాను. తడి చీర, చుట్ట వాసన.

అప్పట్నించీ మామ్మ పలకరింపుకి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ గొడుగు మర్చిపోయేది. ఎండాకాలంలో చుట్టలడబ్బీ మర్చిపోయేది. వస్తానని మాత్రం అనలేదు, చట్టం చట్టమే. మొదట్లో వాళ్ళు పాపం ముసలావిడ మర్చిపోయిందని తెచ్చి ఇవ్వబోయేవాళ్ళు. ఉంచండి, వచ్చి తీసుకుంటానని కబురు పంపేది. కొన్నాళ్ళకి అందరికీ తెలిసిపోయింది. ఎవరింటి మూల తాతగారి గొడుగు ఉంటే ఆ ఇంటికి మామ్మ ఇంకోసారి వస్తుందని లెక్క. అత్త నవ్వు మళ్ళీ ఆరిళ్ళకీ వినబడటానికి ఏడాది పట్టింది. నా స్నేహితురాలు మూరీల పొట్లం దాచడం ఎప్పుడూ మానలేదు.

బుధవారం మధ్యాహ్నం దాని ఇంటికి చేరాను. గోడకి చేరబడి, అచ్చం వాళ్ళ అమ్మ కూర్చున్నట్టే కూర్చుని ఉంది. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. "ఎలాగయిందే?" అన్నాను. చెప్పింది. ఫోనులో దీపాలు పెట్టినవాళ్ళెవరూ ఆ మాట అడగలేదట. మొదట్నించీ చివరిదాకా చెప్పింది, మధ్యలో ఒక చోట ఆగి వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పింది. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బండి వేళకి లేచాను. నా గొడుగు తలుపు మూలకి ఆనించి, ఎవరి వైపూ చూడకుండా చెప్పుల్లో కాళ్ళు పెట్టాను.

"ఏటే, మీ మామ్మ యేసాలు నా కాడా?"

అది కళ్ళు తుడుచుకుని నా వైపే చూస్తోంది.

"గొడుగు తీసుకెల్లు. వాన పడతన్నాది. ఈ వయసులో తడిసి జొరం తెచ్చుకుంటే నిన్ను సూడ్డానికి నాను రావాల. నోటితో సెప్పు."

మూల కూర్చున్న పెద్దావిడ ఒకరు వద్దన్నట్టు చెయ్యి ఊపారు. నేను గొడుగు చేతిలోకి తీసుకున్నాను.

"వెళ్ళొస్తానే. సోమవారం వస్తాను."

"ఆఁ. సూస్తుంటాను" అంది. గోడకి ఆనించిన తల కొంచెం వాల్చి కళ్ళు మూసుకుంది.

స్టేషనుదాకా గొడుగు వేసుకునే నడిచాను. గుండె తేలికగా ఉంది. పెరట్లో కుళాయి కింద ఏడుసార్లు పుక్కిలించినా పోని మాట అది. పోకపోవడమే మంచిదైంది.